రాతికట్ట దిగం

యోబు ముంజేయి విరిగిన చప్పుడు మేమంతా విన్నాం.

గడ్డపారతో కొట్టింది క్వారీ సూపర్‌వైజర్ రమణ. యోబు చేసిన నేరం పాత క్వారీలో బిందె ముంచడం. అంతకుముందే రమణ మనుషులు ఆడవాళ్ళ బిందెలన్నీ తొక్కి పగలగొట్టారు.

"ఇంకోసారి ఈడికొస్తే చెయ్యి కాదు, తల పోతాది," అన్నాడు రమణ.

మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి తవ్వి వదిలేసిన గుంతలు చాలా ఉన్నాయి. మా ఊరి పాత క్వారీ గుంతలో నిలిచిన వాననీళ్ళే మేం తాగేది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. అవి తాగిన పిల్లల పళ్ళు గారపట్టాయి, పెద్దల మోకాళ్ళు వంగిపోయాయి. ఆ గుంతకూ, కాంట్రాక్టర్ ఫణికృష్ణ తవ్వే కొత్త క్వారీకీ మధ్య ఒక్క రాతికట్ట అడ్డం. కట్టలో మంచి పలక ఉంది. దాన్ని పేలిస్తే నీళ్ళన్నీ కొత్త క్వారీలోకి పోతాయి. పలక ఆయనది, ఎండిన గుంత మాది.

చర్చి ముందు అందరం కూడాం. క్వారీలో రాయి పేల్చే మందు పెట్టే శ్యాంసన్ మా ఊరివాడే. కూలికి పోయే ఎలీషబాకు సొంత తమ్ముడు.

"నేను పెట్టకపోతే గిద్దలూరు నుంచి ఇంకోణ్ణి తెస్తాడక్కా. నా పని పోవడం తప్ప ఏమొస్తాది?"

"పెట్టురా. నీ మందు మీద నేను కూసుంటా," అంది ఎలీషబా.

"ఏంది, తమాషాగా ఉందా?"

"యోబన్న చెయ్యి చూసి చెప్పు, తమాషా ఏందో."

యోబు కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "మూడు ఈలలు పడితే మనం ఉరుకుతాం గదా. అదే వాళ్ళ ధైర్యం," అన్నాడు.

నిజమే. క్వారీలో మూడు ఈలలు పడ్డాయంటే మందు పేలబోతోందని అర్థం. వెనక్కి చూడకుండా పరుగెత్తాలి. పలక పనిలో పుట్టి పెరిగినవాళ్ళకు అది ఒంటికి పట్టిన అలవాటు. అప్పటికే రెండుసార్లు కట్ట మీద కూర్చున్నాం. రెండుసార్లూ రమణ మందు పెట్టకుండానే ఈల కొట్టాడు. మా కాళ్ళు మమ్మల్ని అడక్కుండానే పరుగెత్తాయి. వెనక వాళ్ళ నవ్వు.

"ఈసారి లేవొద్దు. కాళ్ళు ఆగకపోతే పక్కోళ్ళ కొంగు పట్టుకోండి," అంది ఎలీషబా.

"మగోళ్ళకు కొంగేడిదొదినా?" అన్నారెవరో వెనకనుంచి.

"లుంగీ పట్టుకోండి. ఊడినా పర్వాలేదు."

మర్నాడు పొద్దున్నే ఊరంతా కట్టెక్కింది. ఈసారి మందు నిజం. రమణ పక్కన నిలబడి శ్యాంసన్ చేత పెట్టించాడు. మందు కూరిన బొక్కలు కట్టపైన ఒక వరస, కొత్త క్వారీ వైపు కింది మెట్టు మీద ఒక వరస.

మొదటి ఈల. రెండోది. మూడోది.

నా పక్కన ముసలి ఏబేలు పళ్ళు టకటకలాడాయి. ఎవరూ లేవలేదు.

కారు దగ్గరే నిలబడి ఫణికృష్ణ అరిచాడు. "ఏం చూస్తున్నావురా? నొక్కు. వాళ్ళే లేస్తారు."

"సార్, మనుషులున్నారు," అన్నాడు శ్యాంసన్. మందు పేల్చే స్విచ్ డబ్బాను పొట్టకు అదుముకున్నాడు.

రమణ మనుషులు మీదపడ్డారు. రాడ్డు దెబ్బకు శ్యాంసన్ తల పగిలింది. డబ్బా లాక్కున్నారు. రక్తం కళ్ళలోకి కారుతుంటే వాడు కటింగ్ ప్లేయర్ తీసుకుని కట్ట మీదికి పరుగెత్తుకొచ్చాడు. మా కాళ్ళ సందుల్లో దూరి వైరు కోశాడు.

"అక్కా, పైది కోసినా," అని కింది మెట్టు మీదికి దూకాడు.

రమణ నొక్కాడు.

కట్ట మా కింద ఎగిరిపడింది. పలక ముక్కలు కత్తుల్లా వచ్చాయి. ఒకరి చెవి తెగింది. ఏబేలు తొడలో పలక దిగింది. దుమ్ము అణిగాక చూస్తే కింది మెట్టు లేదు. శ్యాంసన్ నడుము కింద ఏమీ మిగల్లేదు. మిగిలినంత కట్ట మీదికి చేర్చాం. కట్ట మాత్రం నిలబడింది. నీళ్ళు గుంతలోనే ఉన్నాయి.

రమణ పారిపోబోయాడు. మా మగవాళ్ళు అడ్డం తగిలారు. యోబు రాయి తీసుకున్నాడు, ఎడమ చేత్తోనే. రమణ దవడ పగిలింది.

పోలీసులు వచ్చారు, మమ్మల్ని దించడానికి.

"దిగండమ్మా, అక్కడ మందుంది," అన్నాడు ఎస్సై.

"తెలుసు సార్. మా తమ్ముడు పెట్టిందే." ఎలీషబా తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. "పెట్టించినోణ్ణి పట్టుకోండి. ఈ లీజు రద్దు చెయ్యండి. అంతదాకా దిగం."

"ఈడ్చుకురండి," అన్నాడు ఎస్సై.

కానిస్టేబుళ్ళు లాఠీలతో కట్ట అంచుదాకా వచ్చారు. బొక్కల్లోంచి పైకి లేచిన వైర్లు చూసి ఆగిపోయారు. ముందుకు అడుగు వేసేవాడు లేడు. మమ్మల్ని చంపాల్సిన మందే మాకు కాపలా కాసింది.

మధ్యాహ్నానికి కొనకనమిట్ల రోడ్డు మీద ఆటోలు, ట్రాక్టర్లు కనిపించాయి. పక్క క్వారీల కూలీలు సుత్తెలు, గడ్డపారలు భుజాన వేసుకుని దిగుతున్నారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. ఫణికృష్ణ కారెక్కి రివర్సు చేయబోయాడు. వెనకంతా జనం. ముందంతా జనం.

ఎలీషబా తమ్ముడి తలను నా ఒళ్ళోకి మార్చి, "మీరు దిగొద్దు. పోలీసులు పట్టుకోనోణ్ణి నేనే పట్టుకొస్తా," అని ఒక్కతే కట్ట దిగి ఆ కారు వైపు నడిచింది. జనం ఆమెకు దారి ఇచ్చారు.