వెండి కండ్ల ముడుపు

శ్రావణ సోమవారం పొద్దున ఆదోని బజారులో వెండి కొట్టు మెట్లెక్కేటప్పుడు ఉరుకుందమ్మ కొంగు చివర ఒక పసుపు మూట ఉంది. మెట్టు మెట్టుకూ దాన్ని తడిమి చూసుకుంటూ ఎక్కింది. అందులో ఉన్నది ఒకే ఒక్క ఐదువందల నోటు. కానీ ఆమె మనసులో అది తన నోటు కాదు. నిరుడు పత్తి కట్టె పీకుతుంటే ఎండు పుల్ల ఒకటి ఎగిరొచ్చి పెనిమిటి దేవేంద్రప్ప కుడికంట్లో గుచ్చుకున్న రోజునే ఆ నోటు ఉరుకుంద గుడిలోని ఈరన్నస్వామిది అయిపోయింది.

ఆ రోజు కర్నూలు ఆసుపత్రికి పోవాల్సిన జీపు వాకిట్లో నిలబడి హారను కొడుతుంటే ఆమె దేవుని గూటి ముందు నిలబడి, "ఈరన్నా, నా మొగుని కన్ను నిలబెట్టు. నీకు వెండి కండ్లు తెచ్చిస్తా" అని మొక్కుకుంది. మొక్కుకున్నాక ముడుపు కట్టాలి కదా. అత్త బతికున్న రోజుల్లో ముడుపంటే రూపాయి బిళ్ళే. పసుపు నీళ్లలో ముంచిన గుడ్డను ఆరబెట్టి, అందులో బిళ్ళ పెట్టి ముళ్లు వేసేది. ఉరుకుందమ్మకు గుడ్డ ఆరేదాకా ఆగే తీరిక లేదు. వెండి కండ్లకు బిళ్ళ ఏం చాలుతుందని, పత్తి ఏరినందుకు ఊరి రైతు శేషన్న ఇచ్చిన కూలిలోంచి ఐదువందల నోటు తీసి, పసుపు నీళ్లు కారుతున్న గుడ్డలోనే మడిచి కట్టి గూట్లో పెట్టింది. పెట్టి జీపెక్కింది.

చూపు వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన కొన్నాళ్లకు మసక మసకగా, పోను పోను తేటగా చూపు వచ్చింది. ఈ శ్రావణంలో మొక్కు తీర్చుకుందామని ఇద్దరూ బయలుదేరారు. ఆదోనిలో కండ్లు కొనాలి, అక్కడినుంచి ఉరుకుంద బస్సెక్కాలి.

ఒక కట్టుబాటు మాత్రం వాళ్లింట్లో తరాలుగా ఉంది. మొక్కిన వస్తువును ముడుపు దుడ్లతోనే కొనాలి. చాలకపోతే చిన్న వస్తువు కొనాలే గానీ ముడుపులో వేరే దుడ్లు కలపకూడదు.

కొట్టు యజమాని శ్రీనివాసులు సేటు నలభై ఏళ్ల మనిషి, నుదుట నిలువు నామం. పల్చటి వెండి రేకు మీద కొట్టిన కండ్ల జత ఒకటి తూచి ముందుంచాడు. ఉరుకుందమ్మ మూట విప్పి నోటు అందించింది. బూడిద రంగులో ఉండాల్సిన నోటు పసుపు పచ్చగా, అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. సేటు దాన్ని వేళ్లతో సాపు చేసి, త్రాసు పక్కనున్న చిన్న పెట్టెలో నీలం లైటు కింద పెట్టాడు. పెట్టినవాడు అట్లాగే వంగి ఉండిపోయాడు.

"ఇది చెల్లదమ్మా" అన్నాడు చివరికి.

"పసుపంటింది సేటూ, అంతే. యాడా సినగలేదు సూడు."

"చినగడం కాదు. ఇది దొంగ నోటు."

ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పక్కన పట్టీలు బేరం చేస్తున్న ఆడామె తన పర్సు తెరిచి నోట్లు చూసుకుంది.

"ఏమప్పా" అన్నాడు దేవేంద్రప్ప, "మేము నోట్లు అచ్చేసేటోళ్ల మాదిరి కనపడతాండామా? మా ఇంట్లో తెల్లకాగితం కావాలంటే పక్కింట్లో అడగాల."

"నిన్ననలేదు పెద్దాయనా. ఎవడో నీకు అంటగట్టినాడు. నిరుడు దీపావళికి నాకూ అంటగట్టినారు. బ్యాంకులో అందరి ముందరా నిలబెట్టి అడిగినారు, తల తీసేసినట్టయింది. అందుకే ఈ లైటు కొనుక్కున్నా. మంచి నోటు దీని కింద మబ్బుగా ఉంటాది. నెంబర్లు, ఆడొకటి ఈడొకటి పోగులు మెరుస్తాయి, అంతే. ఇదేమో మొత్తం మెరుస్తాండాది."

అంటూనే నోటును గల్లాపెట్టెలో వేసి మూశాడు.

"అదేంది, లోపలేస్తివి!" అంది ఉరుకుందమ్మ.

"తిరిగియ్యకూడదమ్మా. నీ చేతికిస్తే ఇంకొకరి చేతికి పోతాది, అప్పుడు నాదీ తప్పే. బ్యాంకులో అప్పజెప్తా."

దేవేంద్రప్ప జేబులో చెయ్యి పెట్టాడు. "పోనీలేవే. నా దగ్గర దుడ్లుండాయి. కండ్లు తీసుకో, పోదాం. బస్సు పోతాది."

"నీ జోబులోవి మనవి. అది ఈరన్నది" అంది ఆమె. "అది ఇయ్యకుండా నేను ఈడనుంచి లేసేది లేదు." అని గోడ పక్కనున్న బల్ల మీద కూర్చుంది.

కూర్చుంది గానీ ఆమెకు భయం పట్టుకుంది. నోటు పోయిందని కాదు. ఇన్ని నెలలూ సాయంత్రం దీపం పెట్టి దండం పెట్టుకున్నది దొంగ కాగితానికా? దేవుని చేతిలో చెల్లని నోటు పెట్టి చెల్లే కన్ను అడిగి తీసుకుందా? తెలియక చేసినా మోసం మోసమే అంటే? ఇచ్చిన చూపును ఈరన్న వెనక్కి అడిగితే? ఈ శేషన్న ఎంత పని చేశాడు! అంత పొలం, అన్ని ఎడ్లు పెట్టుకుని, కూలోళ్లకా అంటగట్టేది?

అగరుబత్తి పొగకు కాబోలు, దేవేంద్రప్ప కుడికన్ను నలుపుకున్నాడు.

"కన్ను నలపొద్దు!" ఉరుకుందమ్మ కేక పెట్టింది. పట్టీల ఆడామె ఉలిక్కిపడింది.

"పొగే, పొగ!" అన్నాడు దేవేంద్రప్ప. భార్య ముఖం చూసి సంగతి గ్రహించి, వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏమే, నాకు తెలీక అడుగుతాండా. ఈరన్న కూడా నోటును నీలం లైటు కింద పెట్టి సూసి, మంచిదే అనుకున్నాకనే నాకు కన్నిచ్చినాడంటావా?"

"గమ్మునుండయ్యా. శ్రావణ సోమవారం పూట అపచారం మాటలు."

"అపచారం కాదే, అడుగుతాండా."

ఆ ప్రశ్న ఆమె చెవి దాటి లోపలికి పోయింది. మొక్కుకున్ననాడు తన కంట్లో నీళ్లు నిజం. పసుపు నీళ్లు కారుతుంటేనే వేసిన ముడి నిజం. అందులో ఉన్న కాగితం ఒక్కటి అబద్ధమైతే మొక్కు అబద్ధమవుతుందా? అవుతుందని ఒకసారి అనిపించింది, కాదని ఒకసారి అనిపించింది. ఎవరిని అడగాలో మాత్రం తెలియలేదు.

సేటు ఈ మాటలన్నీ వింటూనే ఉన్నాడు. "అంటే అది ముడుపు దుడ్లా అమ్మా?" అన్నాడు మెల్లగా.

"మరి పసుపు ఎట్లంటిందనుకుంటివి? కూర ఒండుకుంటిననుకుంటివా?"

సేటు చెయ్యి గల్లాపెట్టె మీద ఉన్నది ఉన్నట్టే ఆగింది. వాళ్లింట్లోనూ పుట్టువెంట్రుకలు ఉరుకుందలోనే తీస్తారు. దొంగ నోటును వదలడానికి భయం, దేవుని ముడుపును గల్లాలో పెట్టుకోవడానికి ఇంకా భయం. అటు చట్టం, ఇటు ఈరన్న. మధ్యలో శ్రీనివాసులు సేటు చెమట తుడుచుకున్నాడు.

"అమ్మా, నామీద కోపం పెట్టుకోవద్దు. నేనేం అబద్ధం చెప్పలేదు. ఇట్ల రా, నీ కండ్లతో నువ్వే సూడు." గల్లా తెరిచి, నోటు బయటికి తీసి మళ్లీ లైటు కింద పెట్టాడు.

ఉరుకుందమ్మ లేచి వచ్చి వంగి చూసింది. నిజమే. చీకటి పెట్టెలో నోటు మిణుగురులా మెరుస్తోంది. "ఏదీ, ఈడనా?" అంటూ నోటు అంచు పట్టుకోబోయింది.

ఆమె వేళ్లు కూడా మెరిశాయి.

చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్లీ పెట్టింది. పొద్దున గడపకు పసుపు పూసిన వేళ్లు, గోళ్ల సందుల్లో, గీతల్లో అదే వెలుగు. నోటు ఏ రంగులో మెరుస్తోందో అవీ అదే రంగులో మెరుస్తున్నాయి. మంగళసూత్రం తాడు కొసను తీసి లైటు కింద పెట్టింది. అది ఇంకా ఎక్కువ మెరిసింది.

"సేటూ" అంది ఆమె తల ఎత్తకుండానే, "అయితే నేనూ దొంగదాన్నేనా?"

దేవేంద్రప్ప వచ్చి తొంగిచూశాడు. ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో ఈరన్నా! ఇన్నేండ్లూ సెల్లని పెండ్లాంతోనా నేను సంసారం చేసింది!"

పట్టీల ఆడామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సేటు నవ్వలేదు. తన చెయ్యి పెట్టి చూశాడు. ముడుపు నోటును సాపు చేసిన బొటనవేలు, చూపుడువేలు కొసలు మెరిశాయి. మిగతా చెయ్యి మామూలుగా ఉంది. గల్లాలోంచి ఇంకో ఐదువందల నోటు తీసి పెట్టాడు. మబ్బుగా ఉంది. దాని మూలను ముడుపు గుడ్డకు గట్టిగా రుద్ది మళ్లీ పెట్టాడు. ఆ మూల ఒక్కటే వెలిగింది.

ఇక మాట్లాడకుండా ముడుపు నోటు తీసుకుని వాకిట్లోకి పోయాడు. ఎండకు ఎత్తి పట్టుకుంటే ఖాళీ జాగాలో గాంధీ బొమ్మ నీడలా కనిపించింది. అటూ ఇటూ వంచితే పసుపు మరకలోంచే సన్నటి దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారింది. అంచున ఉన్న గీతలు వేలికి గరుకుగా తగిలాయి.

"మంచి నోటే" అన్నాడు లోపలికి వస్తూ. "నూటికి నూరుపాళ్లు మంచి నోటు. మెరిసింది నోటు కాదు, పసుపు. ముందు సూడాల్సింది ఇట్ల. నేను లైటును నమ్మి కూర్చున్నా. తప్పయింది తల్లీ."

ఉరుకుందమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుంటూ, తన అనుమానాన్ని నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు కాబట్టి సరిపోయిందని, మనసులోనే శేషన్నకు ఒక దండం పెట్టుకుంది.

సేటు ముందుంచిన కండ్లు పక్కకు జరిపి, అంతకంటే పెద్ద జత ఒకటి తీశాడు. "ఇవి తీసుకోమ్మా. ఎక్కువేం వద్దు."

"ఒద్దప్పా. ముడుపుకు ఎంతొస్తే అంతే. నీవి కలిస్తే మొక్కు నీదీ అయితాది."

"పోనీ, నా పేరు చెప్పి ఒక టెంకాయ కొట్టు. దుడ్లిస్తా."

"తప్పు నువ్వు చేసి టెంకాయ నేను కొట్టాల్నా? బాగుండాది!" అంది ఉరుకుందమ్మ. ఇప్పుడామె గొంతులో ఎప్పటి చురుకు వచ్చేసింది. "శ్రావణం అయిపోలేదు. గురువారం ఉండాది, మళ్లా సోమవారం ఉండాది. నువ్వే రాప్పా."

సేటు నోటును కళ్లకద్దుకుని గల్లాలో వేశాడు. చిన్న కండ్ల జతను ముడుపు గుడ్డలోనే కట్టి ఆమె చేతిలో పెట్టాడు.

ఉరుకుంద బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఒక పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుంటామని చెప్పి కిటికీ పక్క సీటులో ఇద్దరూ ఇరుక్కున్నారు. ఊరు దాటాక దేవేంద్రప్ప అడిగాడు.

"అది దొంగదే అయ్యింటే ఏం చేస్తాంటివి?"

ఉరుకుందమ్మ ఆలోచించింది. "ఇంకో నోటు కడతాంటి. తెలీక చేసినా స్వామీ, ఏమనుకోవద్దని చెప్తాంటి."

"ఆయప్ప ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోక యాడికి పోతాడు" అనేసింది. అన్నాక తన మాటకు తనే ఆశ్చర్యపోయింది. బల్ల మీద కూర్చున్నప్పుడు అంత భయపెట్టిన దేవుడు, ఇప్పుడు తెలిసిన పెద్దాయన మాదిరి ఎట్లా అయ్యాడో ఆమెకు అంతుపట్టలేదు. ఆయన మారాడా, తను మారిందా? గుడిలో నిలబడినప్పుడు అడగాలనుకుంది.

దేవేంద్రప్ప ఎడమకన్ను అరచేత్తో మూసుకున్నాడు. కుడికన్ను ఒక్కటే తెరిచి కిటికీలోంచి రోడ్డు పక్క బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. "పత్తి... విత్తనములు... దొరకును. ఇదో, టీ అంగడి. ఇదేందో పెండ్లి మండపం, పేరు శానా పొడుగుండాది."

ఒళ్లో పిల్లాడు అతని ముఖంలోకి వింతగా చూశాడు.

"సదువు" అంది ఉరుకుందమ్మ, పసుపు మూటను రెండు చేతులతో పట్టుకుని. "ఇంకోటి సదువు."