బదులు బిళ్ల

"మీ కోడలు చనిపోయినట్టు మా దగ్గర లేదమ్మా" అన్నాడు జనన మరణాల ఆఫీసు కిటికీ లోపలి గుమాస్తా. "ఆ రోజు రంగుల షెడ్డులో చనిపోయింది ఇంకొకావిడ."

పెద్దత్త కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. ఆమె వెనక మేం, మిల్లులో పనిచేసే ఆడవాళ్లం, పూట పని వదులుకుని వచ్చి నిలబడ్డాం. ఆ "ఇంకొకావిడ" మా మధ్యలోనే ఉంది. ముఖం మీదికి కొంగు లాక్కుని, ఊపిరి పీల్చడం కూడా తప్పేమో అన్నట్టు ఒదిగి ఉంది. ఆమెను మేం పొట్టక్క అంటాం.

"మా వాడు ఊపిరితిత్తులు పాడై చనిపోయినప్పుడు ఈ కిటికీలోనే కాగితం ఇచ్చారు బాబూ" అంది పెద్దత్త. "ఆసుపత్రి చీటీ చూపిస్తే రాసిచ్చారు."

"అది ఆసుపత్రి చావు. ఇది ఫ్యాక్టరీ చావు. ఫ్యాక్టరీలో పోతే మేనేజరు తెలియజేయాలి. తెలియజేశాడు. పేరు వేరే."

"మరి నా కోడలు ఏమైనట్టు?"

"కంపెనీ చెప్పిందాన్ని బట్టి, చెప్పకుండా పనికి రావడం మానేసింది." గుమాస్తా మా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. "ఎక్కడికైనా వెళ్లిందేమో. వయసులో ఉన్న మనిషి కదా."

పెద్దత్త గొంతు పెంచలేదు. "మొగుడు పోయాక కూడా నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది బాబూ అది. ఎక్కడికీ పోలేదు. మీ మిల్లు రంగు తొట్టి దగ్గర ఉడికిపోయింది."

"నా మిల్లు కాదమ్మా. నేను రాసేవాణ్ని, అంతే. తర్వాత ఎవరు?"

మిల్లు గేటు దగ్గర మా మెళ్లో ఇత్తడి బిళ్ల ఉండాలి. బిళ్ల మీద అంకె చూసి గేటువాడు లోపలికి వదులుతాడు. మనిషి ముఖం చూడడు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే, పిల్లకు జ్వరం వస్తే, ఆ బిళ్ల వేసుకుని ఇంకొకరు వెళ్తారు. మళ్లీ వాళ్లకు అవసరమైనప్పుడు వీళ్లు వెళ్తారు. దాన్ని బదులు బిళ్ల అంటాం. మా అమ్మలు కూడా అలాగే పనిచేశారు. ఈ సంగతి మేస్త్రీకి తెలియనిది కాదు. "బిళ్ల ఎవరిదైతే నాకేం, తొట్టి దగ్గర మనిషి ఉండాలి" అని ఆయనే అనేవాడు.

ఆ ఉదయం పొట్టక్క పిల్ల జ్వరంతో కళ్లు తేలేసింది. పొట్టక్క బిళ్ల పట్టుకుని పక్క గది తలుపు తట్టింది. పక్క గదిలో ఉండేది పెద్దత్త కోడలు. ఆమె నవ్వితే వీధి చివరికి వినపడుతుంది కనుక అందరూ గలగల అనేవాళ్లు. గలగల అప్పుడు కూతురికి జడలు వేస్తోంది. ఒక జడ అయింది. రెండోది సగంలో ఉంది.

"ఇవ్వవే బిళ్ల. నీ తొట్టి నన్నేమైనా తింటుందా?" అంటూ లేచింది. "అత్తా, ఈ జడ నువ్వు పూర్తి చెయ్యి" అని వెళ్లిపోయింది.

గలగల నూలు చుట్టే షెడ్డు మనిషి, ఆ వారం ఆమె పని రాత్రి పూట. రంగుల షెడ్డులో ఏ గొట్టం ఎప్పుడు కాలుతుందో ఆమెకు తెలియదు. ఆవిరి గొట్టం పగిలినప్పుడు తెలిసినవాళ్లు పక్కకు దూకారు. ఆమె దూకలేదు. మేం పరిగెత్తుకు వెళ్లేసరికి ముఖం పోల్చుకునేట్టు లేదు. మెళ్లో బిళ్ల మాత్రం మెరుస్తోంది. బిళ్ల చూసి పేరు రాసుకున్నారు. కంపెనీ బండిలోనే తీసుకెళ్లి, కంపెనీ మనుషులే దహనం చేయించారు. మమ్మల్ని గేటు దాటనివ్వలేదు.

మర్నాడు పొట్టక్క గేటు దగ్గరికి వెళ్తే గేటువాడు దయ్యాన్ని చూసినట్టు వెనక్కి జరిగాడు. మేస్త్రీ ఆమెను పక్కకు పిలిచాడు. "నోరు మూసుకుని ఇంట్లో కూర్చో. కొన్నాళ్లయ్యాక వేరే పేరుతో ఎక్కడో ఒకచోట పెట్టిస్తా. బతికున్నానని కాగితాలు పట్టుకు తిరిగావో, మారు మనిషిని పంపావని మోసం కేసు. జైలే" అన్నాడు. పని రాని మనిషిని తొట్టి దగ్గర పెట్టినట్టు బయటపడితే జైలుకు వెళ్లాల్సింది ఎవరో ఆయనకు బాగా తెలుసు.

పనిలో పోయిన మనిషి ఇంటివాళ్లకు కంపెనీ గది ఉంటుంది. పారిపోయిన మనిషి ఇంటివాళ్లకు ఉండదు. గది ఖాళీ చేయమని పెద్దత్త తలుపుకు అప్పుడే నోటీసు అంటించారు. అందుకే ఈ కిటికీ.

"ఒకటే దారి" అన్నాడు గుమాస్తా, మేం కదలకపోయేసరికి. "చనిపోయినట్టు రాసి ఉన్నావిడ వచ్చి, బతికే ఉన్నానని ప్రమాణపత్రం ఇవ్వాలి. మేనేజరు ఒప్పుకోవాలి. అప్పుడు పాతది కొట్టేసి మీ కోడలిది రాస్తారు."

"మేనేజరు ఒప్పుకోకపోతే?"

"అప్పుడు ఆవిడ చనిపోయినట్టే."

మాలో ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వినామెకే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర మీటింగు పెట్టాం. బిందెలు వరసలోనే ఉన్నాయి. నీళ్లు ఎవరూ పట్టుకోలేదు.

"పొట్టక్క వెళ్లి చెప్పాల్సిందే" అంది వంటపని చేసే పిన్ని. "ఆమె కోసమే కదా అది చచ్చింది!"

"చెప్తే ఆమె ఒక్కతే పోతుందా? ఎవరెవరు బిళ్లలు మార్చారో కూపీ లాగుతారు. అందరం పోతాం" అంది ఇంకొకామె.

"అయితే నోరు మూసుకుని కూర్చో. రేపు నువ్వు చచ్చినా నా పేరు రాసుకుంటారు."

యూనియన్ అన్న చేతులు పైకెత్తాడు. "తొందరపడకండమ్మా. లాయరుతో మాట్లాడుతున్నా. పద్ధతి ప్రకారం వెళ్దాం."

"గది ఖాళీ చేయించేదాకా మాట్లాడతావా అన్నా, ఆ తర్వాత కూడానా?"

పొట్టక్క నేల మీద కూర్చుని ఉంది. "వెళ్తాను పెద్దత్తా. రేపే వెళ్తాను. నా పిల్లను మాత్రం..." మాట పూర్తి చేయలేకపోయింది.

పెద్దత్త ఆమె పక్కన కూలబడింది. "నిన్ను ఒంటరిగా పంపను. నీ పిల్ల జ్వరం చూసే కదే అది వెళ్లింది. ఇప్పుడు ఆ పిల్లను తల్లికి దూరం చేస్తే, అది వెళ్లింది దేనికి?" తర్వాత మా అందరి ముఖాలూ చూసింది. "బదులు వెళ్లింది మీరందరూ. ఎప్పుడూ వెళ్లని వాళ్లుంటే లేచి ఇంటికి పొండి."

ఎవరూ లేవలేదు. యూనియన్ అన్న మాత్రం చెప్పులు వెతుక్కున్నాడు. వేసుకోకుండా మళ్లీ కూర్చున్నాడు.

తెల్లవారి ఒక బేసిన్‌లో అందరి బిళ్లలూ పోశాం. ఎవరి బిళ్ల వాళ్లకు రాకుండా తీసి మెళ్లో వేసుకున్నాం. మిల్లుకు వెళ్లలేదు. కిటికీ దగ్గరికి వెళ్లాం.

"ఏ బిళ్లా దాని మనిషి మెళ్లో లేదు" అన్నాం గుమాస్తాతో. "కంపెనీ బిళ్ల చూసి చావు రాసిందిగా. ఇప్పుడు బిళ్లలు చూసి మాలో ఎవరు ఎవరో చెప్పు."

పొట్టక్క కొంగు తీసింది. "చనిపోయినట్టు రాసింది నన్నే బాబూ. నా మెళ్లో బిళ్ల లేదు. దాని మెళ్లో కాలింది."

గుమాస్తా ఒక్క క్షణం ఆమె ముఖం వైపు చూశాడు. ఏదో అనబోయాడు. లోపలి గది నుంచి ఆఫీసరు కేకేసేసరికి కిటికీ రెక్క వేసేశాడు. మేం మెట్ల మీద కూర్చున్నాం. ఎండెక్కింది. పోలీసు వ్యాను వచ్చింది.

లాఠీలు ఆడవాళ్లని చూడవు. పిన్ని మోచేయి వాచిపోయింది. పెద్దత్తను ఇద్దరు ఎత్తి వ్యానులో పడేశారు. పోలీసు రైటరు కంపెనీ జాబితా పట్టుకుని వ్యాను దగ్గర నిలబడి, బిళ్లల అంకెలు చూసి పేర్లు రాసుకున్నాడు. అన్నీ తప్పుడు పేర్లే. మేం దిద్దలేదు.

చివర పొట్టక్క వచ్చింది. "బిళ్ల ఏది?" అన్నాడు. ఆమె పేరు చెప్పింది. రైటరు కలం ఆగిపోయింది. పక్కనున్న ఎస్సై చెవిలో ఏదో చెప్పాడు.

"ఈవిడను ఎక్కించొద్దు" అన్నాడు ఎస్సై.

అప్పుడు అర్థమైంది మాకు. అరెస్టు చేస్తే ఆమె బతికున్నట్టు సర్కారే ఒప్పుకున్నట్టవుతుంది. ఆమె బతికుంటే ఆ తొట్టి దగ్గర చనిపోయింది ఎవరు?

"ఆమెనూ రాసుకోండి!" అని వ్యానులోంచి అరిచాం. "ఆమె కూడా మాతోనే కూర్చుంది! రాసుకోండి!"

పొట్టక్క వ్యాను మెట్టు పట్టుకుంది. చేతులు విడదీసి కింద పడేశారు. జీవితంలో ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి వ్యాను వెంట పరిగెత్తింది. వెనక తలుపు మీద అరచేతులతో కొడుతూ, "నన్ను అరెస్టు చెయ్యండయ్యా! నేనున్నాను! నన్నూ తీసుకుపోండి!" అంటూ పరిగెత్తింది. మలుపు తిరిగాక చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు లాకప్‌లోకి కబురొచ్చింది. పెద్దత్త గదిలో సామాను వీధిలో పడేశారు. గదికి కొత్త తాళం వేశారు. మనవరాలు పొట్టక్క దగ్గర ఉంది. పెద్దత్త విని, "దాని తల ఎవరు దువ్వారో" అంది. అంతే అంది. గోడ వైపు తిరిగి కూర్చుంది. చావు కాగితం రాలేదు. గది పోయింది. పని ఉంటుందో లేదో తెలియదు. నిన్న బేసిన్‌లో బిళ్లలు పోసినప్పటి ధైర్యం నీరుగారిపోయింది.

ఎండ పొడ లోపలికి వస్తుండగా వీధిలో మాటలు వినిపించాయి. ముందు ఒక్క గొంతు. మాకు తెలిసిన గొంతు. నిన్నటికంటే బొంగురుపోయి ఉంది.

"ముందు నన్ను రాసుకో. తర్వాత వీళ్లను."

చువ్వల సందులోంచి చూశాం. పొట్టక్క, ఆమె పక్కన ఇద్దరు పిల్లలు. గలగల కూతురికి రెండు జడలూ వేసి ఉన్నాయి, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. వెనక నూలు షెడ్డు ఆడవాళ్లు. వాళ్ల వెనక మగవాళ్లు, యూనియన్ అన్న కూడా. ఆమె వెనకున్న అందరి మెళ్లో బిళ్లలున్నాయి. మగవాళ్ల బిళ్లలు ఆడవాళ్ల మెళ్లో, ఆడవాళ్ల బిళ్లలు మగవాళ్ల మెళ్లో.

రైటరు వాళ్లను చూశాడు. స్టేషను ఇనుప తలుపు మూసి గడియ పెట్టాడు.

పెద్దత్త లేచి చువ్వల దగ్గరికి వచ్చింది.

బయట మొదట ఎవరో ఒకరు మెళ్లోంచి బిళ్ల తీసి తలుపు మీద కొట్టారు. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ. లోపల మేం చువ్వల మీద మా బిళ్లలతో కొట్టడం మొదలుపెట్టాం.

తలుపు ఇంకా తెరవలేదు. మేం ఇంకా కొడుతూనే ఉన్నాం.