వెన్న కరిగే చేతులు

రెండువేల రెండులో మా ఇంటి వసారాలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు పెట్టుకోనిచ్చాను. మాస్టారు శ్యామ్ సుందర్ పట్నంలో, బ్రాడీపేట కోచింగ్ సెంటర్లో మూడు నెలలు నేర్చుకుని వచ్చి, తెలుగు మాట్లాడితే నోరు మైలపడుతుందన్నట్టు తిరిగేవాడు.

మా ఊళ్లో కూలికెళ్లే కొండమ్మ కూతురు లిడియా పగలంతా తల్లితో కలిసి మిరపకాయల తొడిమలు తీసి, అటునుంచి అటే క్లాసుకు వచ్చేది. క్లినిక్‌లో రిసెప్షన్ పనికి ఇంగ్లీషు కావాలని ఆ పిల్ల ఆశ. ఆమె బట్టల ఘాటుకు అందరూ దగ్గుతున్నారని మాస్టారు ఆమెను బయట మెట్ల మీద కూర్చోబెట్టాడు.

ఒకరోజు 'మెల్ట్' నేర్పాడు. ఐసు కరిగినా, కోపం కరిగినా, మనసు కరిగినా అదే మాటట. తలా ఒక వాక్యం చెప్పమన్నాడు.

"బటర్ మెల్ట్స్ ఇన్ మై మదర్స్ హ్యాండ్స్," అంది లిడియా మెట్ల మీద నుంచి.

మాస్టారు పగలబడి నవ్వాడు. "చేతుల్లో కాదే మొద్దూ, నోట్లో కరగాలి! మీ ఇంట్లో వెన్న కూడానా?"

"తొడిమలు తీశాక అమ్మ చేతులు మండిపోతాయి సార్. పక్కింటివాళ్లు కాస్త వెన్న ఇస్తారు. రాస్తే ఇట్టే కరిగిపోతుంది."

"ఆ గోలంతా ఇక్కడెందుకు? నెక్స్ట్!"

వెనక కూర్చుని వింటున్న నేను లేచాను. "లిడియమ్మా, లోపలికొచ్చి కూర్చో. మాస్టారూ, ఘాటు పడనివాళ్లు మెట్ల మీద కూర్చోవచ్చండి."

ముందు దగ్గింది ఆయనగారే. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మిగతా పాఠం మెట్ల మీద నుంచే చెప్పాడు.

తోటి మనిషిని చీదరించుకోవడం పాపమని నాకు తెలుసు. ఆ సాయంత్రం ప్రార్థనలో మిగతావన్నీ ఒప్పుకున్నాను గానీ, మాస్టారిని చీదరించుకున్న సంగతి మాత్రం ఒప్పుకోలేదు. దేవుడు అడిగితే ఏం చెప్పాలో?