భుజం మార్చుకునే చోటు

ఫోన్ పెట్టేసి బాసు సోమేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచిన తీరు చూసే కెజియాకు సంగతి తెలిసిపోయింది.

"బ్రిడ్జి పాసైందమ్మా. నీ సెల్ఫీ పాయింట్ జోలికి కూడా ఎవరూ రాలేదు," అన్నాడాయన.

మాదాపూర్ ఆఫీసులో ఆ అంతస్తంతా చప్పట్లు కొట్టింది. మూసీ మీద నడిచేవాళ్లకూ, పరుగెత్తేవాళ్లకూ, సైకిళ్లకూ కలిపి కెజియా గీసిన వంతెన అది. సరిగ్గా నది నడుమ అది రెండు వైపులా ఉబ్బి వెడల్పవుతుంది. ఎందుకని అడిగిన ప్రతి మీటింగులో కెజియా, "జనం ఆగి నీళ్లు చూసుకోవడానికండీ," అనేది. అలా ఆ ఉబ్బుకు సెల్ఫీ పాయింట్ అన్న పేరు స్థిరపడింది.

అసలు సంగతి తెలిసింది ఆమె భర్త కిరణ్ పాల్‌కు ఒక్కడికే.

పెళ్లై ఏడాది కూడా కాలేదు. ఇప్పటికీ ఫోన్ మీద అతని పేరు కనిపిస్తే చాలు, కెజియాకు నవ్వు ఆగదు. ఆ సాయంత్రం కింద బండి దగ్గర మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని అతని బైకెక్కింది. కోకాపేట టవర్ల దాకా, సిగ్నల్ పడినప్పుడల్లా ఒక ముక్క తుంచి హెల్మెట్ సందులోంచి అతని నోట్లో పెడుతూనే ఉంది.

"నాయనమ్మకు నువ్వే చెప్పు," అన్నాడు కిరణ్. "నిన్నటి సంది రెండు చెంచాల జావ కన్న ఎక్కువ తాగలే."

కెజియా పొట్లం మూసేసింది.

కిరణ్ నాయనమ్మ మార్తమ్మను దవాఖాన వాళ్లు పోయిన వారమే ఇంటికి పంపేశారు, ఇక చేసేదేమీ లేదని. ఇల్లు నదికి ఇవతల, సమాధుల తోట అవతల. మధ్యలో నీళ్లకు ఆనుకుని ఎత్తు లేని పాత దారి, కాజ్‌వే. వాళ్ల సంఘంలో ఎవరు పోయినా పెట్టెను భుజాల మీదే మోసుకెళ్తారు. పాట ఆగకూడదు, నడక ఆగకూడదు. ఒకడు అలిసిపోతే ఇంకొకడు పక్కకు చేరి, పెట్టె దించకుండానే భుజం మార్చుకుంటాడు. ఎవరి చావుకైనా మొదటి భుజం మార్తమ్మ భర్త అబ్రహాం తాతదే. ఆయన పోయిన రోజు మాత్రం పైనున్న జలాశయం గేట్లెత్తారు. కాజ్‌వే మునిగింది. పెట్టెను వ్యానెక్కించి రింగు రోడ్డు చుట్టూ తిప్పారు. పాడేవాళ్లు ట్రాఫిక్‌లో చిక్కుకుపోయారు. ఎందరినో మోసినవాడు ఒక్క భుజమూ ఎక్కకుండా, ఒక్క పాటా లేకుండా మట్టిలోకి వెళ్లిపోయాడు.

పెళ్లైన కొత్తలో మార్తమ్మ ఇదంతా చెప్పి, "నన్నన్న మంచిగ మోసుకపోండ్రి బిడ్డా," అంది. మర్నాడే కెజియా వంతెన నడుమ ఆ ఉబ్బు గీసింది.

ఇప్పుడు ఆమె మంచం అంచున కూర్చుని ఫోన్‌లో ఆ బొమ్మ చూపించి, ఆ ఉబ్బు ఎందుకో చెప్పింది. మార్తమ్మ వేలితో దాన్ని తడిమింది.

"గీడనేనా మార్చుకునేది?"

"అక్కడేనండీ. పాడేవాళ్లు పక్కన నడుస్తున్నా ఇరుకవదు."

"బజ్జీ వాసనొస్తుంది. ఒకటియ్యి."

ఇచ్చింది. మార్తమ్మ తినలేదు. కాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, దిండు పక్కన పెట్టింది.

"ఎన్నడయితది బిడ్డా?"

పొద్దుటి నుంచి సంతోషంలో పడి కెజియా మరిచిపోయిన ప్రశ్న అదొక్కటే. టెండరు పిలవాలి. వానలు తగ్గాక గానీ నదిలో పునాది తవ్వలేరు.

"రెండు వానాకాలాలు పడుతుందండీ," అంది నేలకేసి చూస్తూ.

కిరణ్ కిటికీ వైపు తిరిగిపోయాడు. మార్తమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అందాంక నన్ను ఐసు డబ్బల పెడ్తరా ఏంది?"

ఎవరూ నవ్వలేదు.

"ముసల్ది జోకేస్తే జర నవ్వాలె."

కెజియా ఆమె ఒళ్లో తల పెట్టేసి ఏడ్చింది. మార్తమ్మ చెయ్యి జుట్టు మీద పడింది. ఏది ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టడమే కెజియా పని. ఆ చేతికి అసలు బరువే లేదు.

"కిరణూ, ఇప్పుడు కాజ్‌వే మీద నీళ్లున్నయా?"

"లేవు నాయనమ్మా. ఎల్లుండి గేట్లెత్తుతరంట."

"మరింకేంది ఫికర్? పానం ఉన్నప్పుడే మోసుకపోండ్రి. మీ తాతను చూసొస్త."

కిరణ్ మూలనున్న చేతుల కుర్చీ వైపు చూశాడు. "రెండు పక్కల వెదురు కట్టెలు కడ్త. సంఘం పోరగాండ్లను పిలుస్త."

కెజియా కళ్లు తుడుచుకుంది. "నది నడుమకొచ్చాక ఒక భుజం నాకివ్వాలండీ."

"ఆడోళ్లు యాడన్న భుజం పడ్తరా?" అన్నాడు కిరణ్.

"సచ్చినోళ్లకు పట్టరు," అంది మార్తమ్మ. "నేనింక సావలే గద. రేపు పొద్దుగాల, ఎండెక్కకముందే పోదం. మొదటి భుజం నీది. నడుమల పిల్లకియ్యి. పాట నేనే ఎత్తుకుంట."