కూర్మస్వామికి ఉప్పునీళ్లు

"స్వామి కండ్లు మబ్బుగున్నయి రామమ్మా. ఉప్పు తక్కువేసినట్టున్నవ్," అన్నాడు పూజారి, నీళ్ల హౌజు గట్టు మీద పొడి కాళ్లతో నిలబడి. నా అరచేతుల పగుళ్లలో ఉప్పు మండుతోంది. వాటి సంగతి ఆయన అడగలేదు.

జర్మనీ యుద్ధం మొదలైన ఏడు మా దొర బందరు పోయి, తడి గోనెల్లో చుట్టి, రైలెక్కించి పాలమూరుకు తెచ్చిన సముద్రపు తాబేలే ఆ స్వామి. ఎంత పెద్దదంటే, దాని వీపు మీద మా అత్త చాప పరుచుకుని పడుకున్నా ఇంకో అత్తకు జాగా మిగిలేది. ఇంకో అత్త లేకపోవడం నా అదృష్టం. బంగ్లా ముందటి హౌజులో వదిలి, కూర్మావతారమన్నారు. ఊరంతా కొబ్బరికాయలు పట్టుకొని వచ్చింది. సముద్రపు స్వామికి బావినీళ్లు పడవు కదా, రోజూ అరవై కుండలు తోడి, ఉప్పు దంచి కలపాలి. ఆ వెట్టి మా ఆయన బీరన్న పేరు మీద పడింది. మొదటి రోజు రెండు కుండలు మోశాడు. "నీళ్లు మోసుడు మొగోని పనానే?" అంటూ మూడోది నా నెత్తికెత్తి, కల్లు దుకాణం వైపు నడిచాడు. ఏడాదైంది, ఇంకా కుండల దగ్గరికి తిరిగి రాలేదు. దసరాకు దొర పిలిచి తలపాగా చుట్టింది మాత్రం ఆయనకే. "మా బీరడు స్వామిని ఎంత సల్లగ సూస్తుండో!" అని అత్త వాడంతా చెప్పుకుంది.

తాబేలు కంట నీళ్లు కారితే పూజారి హారతి పట్టేవాడు. నా కంట కారితే అత్త, "పొద్దుగాల్నే ఏడుపు మొకం! ఇంట్ల లచ్చిమి నిలుస్తదా?" అనేది. ఆ తాబేలు మూతి చూస్తేనే నాకు ఒళ్లు మండేది. కుండకో తిట్టు తిట్టి పోసేదాన్ని.

పూజారి ఉప్పు తక్కువన్న మర్నాడు, తెల్లవారి నేను పోయేసరికి స్వామి హౌజులో లేడు. భక్తులు కూర్చోవడానికి పోయించిన ఇసుకలో, వెనక కాళ్లతో గుంత తవ్వి, గుడ్లు పెడుతున్నాడు. ఒకటీ రెండూ కాదు, వందకు పైనే.

పూజారి బంగ్లాలోకి ఉరికాడు. దొర వచ్చాడు. ఆయన వెనక బీరన్న.

"మొగదేవుడు గుడ్లు పెట్టుడేంది దొరా?" అన్నాను. నవ్వు ఆగలేదు.

"నోర్ముయ్! నేను స్వామన్ననంటే స్వామే. ఇవి తీస్కపోయి పెంటకుప్పల పాతెయ్. బయట చెప్పినవో, తోలు తీస్త."

"గంతే దొరా. ఇది ఎవలికి చెప్తది?" బీరన్న తలపాగా సర్దుకున్నాడు.

చెమ్మగా, మెత్తగా ఉన్న గుడ్లను గంపకెత్తాను. నీళ్లలోకి జారిన తాబేలుకు పూజారి మళ్లీ నామం దిద్దాడు. దాని మీద నాకు ప్రేమేం పుట్టలేదు. ఏడాదిగా పెంచుకున్న పగ మాత్రం దాని వీపు మీంచి లేచి, ఆ తలపాగా మీద వాలింది.

గేటు బయట జనం దర్శనానికి వరుస కట్టారు. పెంటకుప్ప ఉన్న దొడ్డి వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి మళ్లాను. తోలు తీస్తానన్నాడు దొర. అరచేతుల తోలు ఎప్పుడో పోయింది.

"గటెటు పోతున్నవే? దొడ్డి గీ దిక్కు!" బీరన్న ఉరికి వచ్చాడు.

అప్పటికే గంప గేటు ముందు దించాను. వరుసలో ముందున్న ముసలమ్మ వంగి, "ఏంది బిడ్డా ఇవి?" అంది.

"లోపలి స్వామి పెట్టిన గుడ్లు అవ్వా," అన్నాను, చివరివాళ్లకూ వినబడేటట్టు.

తర్వాత కుండ కింద పెట్టుకునే చుట్టబట్టను నెత్తి మీంచి తీసి, బీరన్న తలపాగా మీద పెట్టాను.

"వెట్టి నీ పేరు మీదుంది. అరవై కుండలు. ఉప్పు జర మంచిగ దంచు."