పిన్ని కట్టిన కెర్నెల్

రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైల్ నడుస్తున్నంతసేపూ పిన్ని తెర ముందు నుంచి లేవదు. కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, పెదవి బిగించి, పైకి పాకే అక్షరాలను చూస్తూ ఉంటుంది. నీటి సరఫరా ఆఫీసులో ఆమె అందరికీ పిన్నే, మేనేజరుకు కూడా.

ఇవాళ ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు. పక్కన గురకపెడుతున్న పాత కంప్యూటర్‌కూ అంతే. సాయంత్రం తుక్కు బండి వస్తుంది. పంపులు నడిపే ప్రోగ్రామ్ అందులోనే ఉంది. పిన్ని స్వయంగా రాసింది. అది ముందు గుట్ట మీది ఇళ్లకు నీళ్లెక్కించి, తర్వాతే కింది వీధులకు వదులుతుంది. కొత్తగా కొన్న ప్రోగ్రామ్ లెక్కలో గుట్టకు నీళ్లంటే కరెంటు దండగ. చిన్నప్పుడు ఆ గుట్టెక్కి బిందెలు మోసిన నడుము పిన్నిది. అందుకే కొత్త సర్వర్‌లో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాని లోపల పాత కంప్యూటర్‌ను మళ్లీ బతికించాలని పొద్దుటి నుంచీ పట్టుబట్టి కూర్చుంది. ఆ లోపలి మెషీన్‌ను లేపి నిలబెట్టేది కెర్నెల్. పాత వాల్వులను కదిపే కెర్నెల్ రెడీమేడ్‌గా దొరకదు, సోర్సు కోడ్ నుంచి తనే కట్టుకోవాలి.

మేనేజరు తొంగిచూశాడు. "ఇంకా ఎందుకు పిన్నీ ఈ తంటా? కేకు కోయాలని అందరూ చూస్తున్నారు."

"కోసుకు తినండి. కొత్త సర్వర్‌లో నడిస్తే నా ప్రోగ్రామ్ ఉంచుతానన్నావు, మాట మీదుండు."

"సాయంత్రంలోగా అన్నాను."

"అయిందా సాయంత్రం?"

కెర్నెల్ తయారైంది. లోపలి మెషీన్ లేవబోయి, డిస్కు కనబడటం లేదని చతికిలబడింది. పిన్నికి ఒళ్లు మండింది, తన మీదే. డిస్కును చదివే డ్రైవర్ ప్రోగ్రామ్‌ను కెర్నెల్‌లో కలపకుండా ఆ డిస్కులోనే పెట్టింది, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపుకు తాళం వేసుకున్నట్టు. "ఇన్నేళ్ల సర్వీసుకు ఇదీ నా తెలివి!" అని నెత్తి కొట్టుకుని, డ్రైవర్‌ను లోపలే కలిపి మళ్లీ మొదలుపెట్టింది.

బయట తుక్కు బండి హారన్ కొట్టింది. పిన్ని మొదటిసారి తెర వదిలి, కుర్చీని గుమ్మానికి అడ్డంగా ఈడ్చుకొచ్చి కూర్చుంది.

"నన్నూ ఎత్తుకెళ్తారా? అయితే రండి."

ఎవరూ రాలేదు.

ఈసారి డిస్కు దొరికింది. ప్రోగ్రామ్ లేచింది. కాసేపటికి గుట్ట మీది ట్యాంకు మీటరులో ముల్లు కదిలింది. మేనేజరు చాలాసేపు ఆ ముల్లునే చూసి, "సరే, ఉంచుదాం" అన్నాడు. పిన్ని ఏడ్చింది, దాచుకోకుండా.

తర్వాత గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి, కేకు ముట్టకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆమె వీధి మలుపు తిరగకముందే ‘పిన్ని’ అనే ఖాతాను సిస్టమ్‌లోంచి తీసేశారు.

మర్నాడు కరెంటు పోయి వచ్చింది. ఎవరూ లేని గదిలో లోపలి మెషీన్ దానంతటదే లేచి, తెర మీద మొట్టమొదటి లైను వేసింది: ఈ కెర్నెల్ కట్టినవారు, పిన్ని.