దీవించిన చోటు

గ్లాసు కాడను రెండు వేళ్ళ నడుమ ఇరికించి, మరుగుతున్న కెటిల్ మూతికి ఎదురుగా పట్టి, లోపలి గోడలకు ఆవిరి కమ్ముకోగానే సెయిల్కాన్ నార గుడ్డను బొటనవేలితో లోనికి తోసి ఒక చుట్టు తిప్పింది. కిటికీ వెలుతురుకెత్తి చూసింది. అంచున పెదవిరంగు నీడ ఇంకా మిగిలి ఉంది. నిమ్మచెక్కను ఉప్పులో అద్ది అక్కడ మళ్ళీ రుద్దింది. ఆమె వేళ్ళ కొసలు నీళ్ళలో నాని నాని తెల్లబడి, చీలికల వెంట సన్నగా నల్లబడి ఉన్నాయి. ఉప్పు తగిలినప్పుడు మండుతాయి. ఆ మంట అలవాటైపోయింది. కుడి భుజం ఎడమదానికన్నా కాస్త దిగువన ఉంటుంది. తలగుడ్డను మెడ వెనక ముడివేసుకుంటుంది. పనిలో ఉన్నప్పుడు పెదవులు బిగించడం వల్ల, పై వరుసలోని బంగారు పన్ను మాట్లాడితేనే బయటపడుతుంది.

ఆ గదిలో ఆమె నిలబడ్డ చోటు పెద్దగా మారలేదు. బిష్కెక్ నగరంలో ఆ ఇటుక భవనం కింది అంతస్తున ఇప్పుడు కాక్‌టెయిల్ బార్ ఉన్న భాగంలోనే ఒకప్పుడు పాల దుకాణం ఉండేది. అప్పుడు ఆమె పెళ్ళికాని పిల్ల; ఖాళీ సీసాలు కడిగేది. ట్రాలీబస్ నడిపే దుయ్‌షోన్ పాల కోసం వచ్చి, సీసాలో మురికి ఉందని గొడవపెట్టుకొని, ఆ గొడవ కోసమే రోజూ వచ్చి, చివరకు ఆమెను చేసుకున్నాడు. దుకాణం పక్క గది వారికి కేటాయించారు; ఇప్పటికీ ఉంటున్నది అందులోనే. సోవియట్ రాజ్యం పోయాక దుకాణం మూతపడింది. సెయిల్కాన్ బజారులో పొద్దుతిరుగుడు గింజలు అమ్మింది, ఇతరుల మెట్లు కడిగింది, ఇద్దరు బిడ్డలను కని ఇద్దరినీ పోగొట్టుకుంది. ఏళ్ళ తరవాత బేగిమాయ్ అనే యువతి ఆ భాగం కొని బార్ తెరిచి, మొదటి వారంలోనే ఆమెను పిలిచి గ్లాసుల పని ఇచ్చింది.

తన పనితనం గురించి ఎవరో చెప్పి ఉంటారని సెయిల్కాన్ నమ్మింది. మూడో అంతస్తులో ఉండే రష్యన్ పొరుగావిడ తమారా మాత్రం అసలు కారణం వేరని మొదట్నుంచీ అంటూనే ఉంది.

"నీ చేతులు చూసి కాదే పని ఇచ్చింది, నీ కిటికీ చూసి," అంది ఆ ఉదయం కూడా, చెత్త పారబోయడానికి వెళ్తూ వంటగది తలుపు దగ్గర ఆగి. "ఇవాళ తెలుస్తుందిలే."

ఆమె అన్నదాంట్లో తర్కం ఉంది. రాత్రి పదకొండు దాటితే బార్ మూసెయ్యాలన్నది అప్పటి అనుమతి. దాన్ని తెల్లవారుజాము మూడు దాకా పొడిగించాలనీ, వాకిట్లో బల్లలు వేసుకోనివ్వాలనీ బేగిమాయ్ అర్జీ పెట్టుకుంది. జిల్లా కార్యాలయం నుంచి అధికారి ఆ రోజే వచ్చి, ఇరుగుపొరుగు మాట అక్కడికక్కడే వింటాడు. బల్లలు వేసే నేలమీదికి ఎవరి కిటికీ తెరుచుకుంటుందో వారి మాటకే బరువెక్కువ. వాకిట్లో చదునుగా, ఎండతగిలేలా ఉన్న నేల ఒక్కటే. దానిమీదికి తెరుచుకునే కిటికీ కూడా ఒక్కటే.

ఆ కిటికీ పక్కన మంచం మీద దుయ్‌షోన్ ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడై అతని గొంతు పోయి ఏడాది దాటింది. ఏదైనా కావాలంటే చెంచాతో కిటికీ అద్దం మీద కొడతాడు. వంటగదికి వినిపిస్తుంది, ఆమె చేతులు తుడుచుకొని వెళ్తుంది. చాలాసార్లు అది టీ కోసమే అయి ఉంటుంది, లేదా ఆమె వస్తుందో రాదో చూడటానికి.

ఆ నేలతో అతనికి వేరే బంధం ఉంది. ఆ భవనంలో కిర్గిజ్ ఇళ్ళలో ఎవరు పోయినా, శవాన్ని ఉంచడానికి వాకిట్లో ఉన్ని గుడారం లేపించేది అతనే. గుమ్మం ఎటు ఉండాలో, ఆడవాళ్ళు లోపల ఎటు తిరిగి కూర్చుని శోకాలు పెట్టాలో, మగవాళ్ళు బయట ఏ వరసలో నిలబడాలో అతనే చెప్పేవాడు. తన వంతు దగ్గరపడిందని అతనికి తెలుసు. ఆ ఉదయం ఆమె దిండు ఎత్తుచేస్తూ ఉంటే మణికట్టు పట్టుకొని, ఊపిరి కూడగట్టుకొని గుసగుసగా మాట్లాడాడు.

"ఆ పిల్లకి ఒప్పుకోకు. నా గుడారం ఈ కిటికీ ముందే లేవాలి."

"పోయేవాడివి ముందు ఈ టీ తాగు," అంది సెయిల్కాన్.

"నవ్వకు. నలుగురిలో నీకు నోరు పెగలదు, నాకు తెలుసు."

అది అతని పాత ఎత్తిపొడుపు. విందుల్లో దీవెన పలికేది ఎప్పుడూ అతను. ఆమె తలుపు దగ్గర, టీ కాచే సమోవర్ పక్కన నిలబడి కప్పులు నింపేది. ఒకసారి ఎవరో ముసలాయన ఆమెను కూడా రెండు మాటలు అనమంటే, ఈవిడ దీవిస్తే పాలు విరుగుతాయని దుయ్‌షోన్ అందరినీ నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది.

గ్లాసులు తుడుస్తూ ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. కాదంటే పని పోతుంది. ఔనంటే భర్త మాట పోతుంది. అందుచేత ఒక షరతు పెడుతుంది: బల్లలు వేసుకోవచ్చు, కాని చావు వచ్చిన రోజున వాటిని తీసి, పూడ్చేదాకా ఆ నేలను వదలాలి. అధికారి ముందు ఆ మాట బేగిమాయ్ చేత అనిపించాలి. న్యాయమైన కోరికే. ఆ వాక్యాన్ని ఆమె పెదవులు కదపకుండా పలుమార్లు అనుకుంది.

మధ్యాహ్నానికి బేగిమాయ్, బార్‌కు దీవెన విందని, వాకిట్లో గొర్రెను కోయించి పెద్ద బాండీ ఎక్కించింది. పొయ్యి కిటికీకి ఎదురుగానే పెట్టడంతో పొగ గదిలోకి వెళ్ళసాగింది. సెయిల్కాన్ లోపలికి వెళ్ళి, దగ్గుతున్న భర్త గుండె నిమిరి, కిటికీ బిగించి వచ్చింది. వేసవి కావడంతో గది ఉడుకెత్తుతుందని తెలుసు. విందు ఎంతసేపులే అనుకుంది.

"సారా కొట్టుకి దీవెనా?" అని గొణిగింది తమారా, విందుకు పరిచిన గుడ్డ అంచున కూర్చుంటూ.

"రొట్టె పెట్టేదాన్ని దీవించకూడదా?" అంటూ సెయిల్కాన్ కప్పులు అందుకోబోయింది.

బేగిమాయ్ ఆ కప్పులు ఆమె చేతిలోంచి తీసుకుంది. "ఇవాళ మీరు నిలబడకూడదు పెద్దమ్మా," అని చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి, అందరికన్నా పైన, అధికారి పక్కన కూర్చోబెట్టింది. మాంసం పంచినప్పుడు గొర్రె తోక ఎముక తెచ్చి ఆమె పళ్ళెంలో పెట్టింది. అది ఆడవాళ్ళలో పెద్దావిడకు ఇచ్చే ముక్క. సెయిల్కాన్ తన అత్తగారి పళ్ళెంలో, పొరుగింటి ముసలమ్మల పళ్ళేలలో దాన్ని చూసింది. కొవ్వు పేరుకున్న ఆ పళ్ళేలను కడిగింది. తన ముందు ఎవరూ ఎన్నడూ పెట్టలేదు.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకున్న క్షణంలోనే షరతు సంగతి ముగిసిపోయింది. ఒకరి ఉప్పు నోట్లో ఉండగా బేరం పెట్టడం ఆ జనంలో లేదు. బేగిమాయ్‌కి ఇది తెలుసు. విదేశంలో చదివినా అవ్వ దగ్గర పెరిగిన పిల్ల.

"మీరే దీవించాలి. తొందరేం లేదు, తీరిగ్గా దీవించండి," అంది బేగిమాయ్.

సెయిల్కాన్ అరచేతులు విప్పింది. వాకిట్లో అందరూ విప్పారు, అధికారితో సహా. తమారా కూడా కాసేపు చూసి విప్పింది. ఇంతమంది తన నోటివైపు చూడటం ఆమెకు అదే మొదలు.

"నీ వాకిలి మూతపడకూడదు," అని మొదలుపెట్టింది. గొంతు వణకలేదు. "నీ పొయ్యి ఆరకూడదు. నీ గడప దాటి వచ్చినవాళ్ళు దాహంతో పోకూడదు."

అప్పుడు అద్దం మీద చెంచా చప్పుడైంది.

ఆమె విన్నది. దీవించేవారు మధ్యలో లేవకూడదు, మాట తెంచకూడదు. అయితే ముగించడం ఆమె చేతిలోనే ఉంది. చేతులు ముఖానికి రాసుకొని, ముగింపు మాటగా ఓమిన్ అంటే చాలు, అందరూ అనేస్తారు, తను లేచి వెళ్ళవచ్చు. టీ కోసమే అయి ఉంటుందనుకుంది. ఆయన దీవించేటప్పుడు నేను ఎంతసేపు నిలబడలేదు అని కూడా అనుకుంది. బేగిమాయ్ తల్లిని దీవించింది. పుట్టని పిల్లలను దీవించింది. కోసిన గొర్రెను, దాన్ని మేపిన కొండను, ఈ భవనంలో ఒకప్పుడు పాలు పోసిన చేతులను దీవించింది. చెంచా వడివడిగా కొట్టుకుంది. అధికారి ఓరగా కిటికీవైపు చూశాడు. సెయిల్కాన్ గొంతు కాస్త పెంచింది. బాటలను, బాటసారులను దీవించింది. చెంచా మరోసారి, ఆలస్యంగా తగిలి ఊరుకుంది. ఆ తరవాత కూడా ఆమె కొంతసేపు దీవించింది.

ఓమిన్ అని అందరూ ముఖాలు తుడుచుకున్నాక, అభ్యంతరాలున్నాయా అని అధికారి అడిగాడు. బేగిమాయ్ కళ్ళు దించుకుంది. కిటికీ గలావిడను అడగమంది తమారా.

"చేతులెత్తి దీవించాక ఇంకేం అడుగుతారు?" అంది సెయిల్కాన్. బంగారు పన్ను కనిపించేలా నవ్వింది.

భర్త వాటా మాంసం పళ్ళెంలో పెట్టుకొని, మీద రొట్టె కప్పి ఆమె గదికి వెళ్ళింది. దుయ్‌షోన్ నుదురు అద్దానికి ఆనుకొని ఉంది. చెంచా అతని పిడికిట్లోనే ఉంది. విడదీయడానికి ఆమెకు బలం సరిపోలేదు. ఆమె ముందు కిటికీ తెరిచింది, ఆ తరవాత పళ్ళెం కింద పెట్టింది. ఏడుపు వెంటనే రాలేదు. మాంసం చల్లారిపోతుందన్న ఆలోచన మాత్రం వచ్చింది.

వార్త విని బేగిమాయ్ పరుగున వచ్చింది. ఆమె ఏడ్చింది; అందులో నటన లేదు. శవాన్ని సర్దడానికి మగవాళ్ళను పిలిపించింది. గుడారం అద్దెకిచ్చేవారితో తనే మాట్లాడింది. అప్పటికే వాకిట్లో బల్లలు దిగుతున్నాయి. సెయిల్కాన్ కిటికీలోంచి వాటిని చూసి, గుడారం అక్కడ లేవాలన్నది ఆయన కోరిక అని చెప్పింది. ఆ రోజంతా అనుకున్న వాక్యం అప్పుడు నోటినుంచి వచ్చింది, సగం.

బేగిమాయ్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మీరే దీవించిన చోటు కదా పెద్దమ్మా. అదే రోజు అక్కడ శోకాలు పెడితే మీ దీవెన ఏమవుతుంది? వెనకవైపు వేద్దాం. అక్కడ నీడ కూడా ఉంటుంది."

దీనికి జవాబు ఉండేది దుయ్‌షోన్ దగ్గర. అటువంటి విషయాల్లో తీర్పు చెప్పేది ఆయనే. సెయిల్కాన్ తల ఊపింది.

గుడారం భవనం వెనక, చెత్త డబ్బాల పక్కన లేచింది. చోటు చాలక గుమ్మాన్ని గోడవైపు తిప్పారు. వచ్చినవాళ్ళు పక్కకు ఒదిగి లోనికి పోవలసివచ్చింది. ఆడవాళ్ళు ముక్కులకు తలగుడ్డలు అడ్డం పెట్టుకొని శోకాలు పెట్టారు. తమారా డబ్బాలమీద పాత దుప్పటి కప్పి వెళ్ళింది. శవాన్ని తీసుకుపోయిన రోజున బేగిమాయ్ సాయంత్రం దాకా పాటలు ఆపింది. ఆ తరవాత వారంలో వంటగదికి గ్లాసులు కడిగే యంత్రం వచ్చింది. ఇంత దుఃఖంలో మనిషిచేత పని చేయించడం తనకు మనస్కరించదని బేగిమాయ్ చెప్పించింది. సెయిల్కాన్ కిటికీ మూసి, లోపలినుంచి దుప్పటి కట్టి, కోచ్‌కోర్ అనే ఊళ్ళోని చెల్లెలి ఇంటికి బస్సెక్కింది.

గుడారం విప్పినవాళ్ళు పైకప్పు వాసాల్లో ఒకదాన్ని చెత్త డబ్బాల వెనక మరిచిపోయారు. ఎర్రరంగు పూసి, కొస దగ్గర వంచిన విల్లో చెట్టు కర్ర అది. బార్ పనివాళ్ళకు దొరికింది. ఇప్పుడది వాకిట్లో, దుప్పటి కట్టిన కిటికీ ముందు, బల్లల మీది గుడ్డపందిరి ఒక మూల జారిపోకుండా నిలబెట్టి ఉంది. దాని వంపుకు ఎవరో దీపాల తీగ చుట్టారు.